చెఱువుగట్టున చిన్న గాలము



వానలు కురిసి చెఱువులు నిండిన యేడు మన సీమలో పండుగ యేడు. లేపాక్షి, హిందూపురము, చిలమత్తూరు, పెనుకొండ ప్రాంతములవారికి ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు. సంవత్సరమంతయు కలిసి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ మెట్టనేలలో చెఱువు నిండుట కొన్ని యేండ్ల కొకమాఱు కలుగు భాగ్యము. హంద్రీ-నీవా కాలువ వచ్చిన పిమ్మట కృష్ణానీరు కొన్ని చెఱువులను చేరుచున్నది గాని, తక్కినవి నేటికిని మేఘుని దయమీదనే ఆధారపడి యున్నవి. అట్లు చెఱువు నిండినప్పుడు నీటితోపాటు చేపలును వచ్చును. సెలవు దొరికిన పిల్లలు గాలములు పట్టుకొని గట్టునకు పరుగెత్తుదురు. తల్లుల గుండెలు గుబగుబలాడుటయు నప్పుడే.

పిల్లలను గట్టుమీదికే పోవలదని కట్టడి చేయుట మా యభిప్రాయమున నెగ్గు పని కాదు. వలదన్నచో చాటుగా పోవుదురు. చాటుగా పోయిన పిల్లలకే ఆపద హెచ్చు. కావున ఈ నెల మేము గాలమును గూర్చియే వ్రాయదలచితిమి. గాలము కట్టు పని తల్లికి తెలిసినచో బిడ్డ యెప్పుడు, ఎవరితో, ఏ పనిముట్టు పట్టుకొని పోవుచున్నాడో ఆమెకు తెలియకుండ జరుగదు. శాకాహారులైన సోదరీమణులు వంటమాట విడిచి తక్కిన దానిని చదువుకొనవచ్చును. నీటి భయము అందఱి బిడ్డలకును ఒక్కటియే.

“ఇది మగవారి పని గదా, మనకేల?” అని కొంద ఱనవచ్చును. గాలపు విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున కూర్పించిన ‘మానసోల్లాసము’న మత్స్యవినోదమున కొక ప్రకరణమే కలదు. అందు చేపల జాతులు, వానికి వేయు మేతలు, గాలపు త్రాళ్లు, కఱ్ఱలు అన్నియు వివరింపబడినవి. ఇక స్త్రీల మాట. ఇంగ్లండులో 1496వ సంవత్సరమున అచ్చయిన గాలపు వేట గ్రంథమును జూలియానా బర్నర్సు అను సన్న్యాసిని వ్రాసినదని చిరకాలము చెప్పుకొనుచు వచ్చిరి. పండితులు దానిని శంకింతురు గాని, స్త్రీ పేరు చెప్పుటకు లోకము వెనుదీయలేదు. శంక యేమియు లేని సంగతి యింకొకటి కలదు. 1922లో స్కాట్లండునందలి టే నదిలో జార్జినా బాలంటైను అను యువతి తండ్రితో పడవలో నుండి 64 పౌనుల సాల్మను చేపను గాలముతో పట్టినది. నేటికిని బ్రిటనులో గాలమునకు దొరికిన సాల్మనులలో దానిని మించినది లేదు. కావున మీ యింట ఆడపిల్ల “నేనును పోయెదను” అన్నచో వెక్కిరింపక, ఆమె చేతికిని ఒక గాలము కట్టి యిండు.

చిన్న చేపకు చిన్న గాలము

పిల్లలు సాధారణముగా చేయు పొరపాటు పెద్ద గాలము కొనుట. పెద్ద గాలమునకు పెద్ద చేప పడునని వారి యూహ. మన చెఱువులలో పిల్లల చేతికి దొరకునవి పక్కెలు, పరిగెలు, జెల్లలు, 1952లో విదేశమునుండి మన దేశమునకు తెచ్చిన జిలేబీ చేపలు మొదలగునవి. పక్కెకు నోరు పెసరగింజంత. పెద్ద గాలమునకు గ్రుచ్చిన ఎఱను అది అంచులనుండి కొఱికి తిని పోవునే గాని గాలమును మ్రింగదు. పిల్లవాడు సాయంత్రము వఱకు ఎఱ గ్రుచ్చుచుండును, చేపలు విందారగించుచుండును.

అంగడిలో గాలములను అంకెలతో అమ్ముదురు. ఇందొక తిరకాసు కలదు: ఈ చిన్న రకములలో అంకె పెరిగినకొలది గాలము చిన్నదగును. పక్కెలకు 14 లేక 16వ అంకె, జెల్లకును జిలేబీకిని 8 లేక 10వ అంకె చాలును. నైలాను దారము రెండు తలవెండ్రుకలు కలిపినంత లావుండిన చాలు. లావు దారమును తేటనీటిలో చేప కనిపెట్టును. కఱ్ఱ యెంత పొడవో దారమును అంతే యుండవలెను. అప్పుడు పిల్లవాడు గాలమును తలమీదుగా విసరవలసిన పని యుండదు. వెనుక నిలుచున్న చెల్లెలి కంటికి అపాయమును ఉండదు.

గాలపు మొన వెనుక నొక చిన్న ఎదురుముల్లు ఉండును. దానిని పట్టకారుతో నొక్కి చదును చేసి మఱి యిండు. చేపలు కొన్ని జాఱిపోవును, పోనిండు. వ్రేలికి గ్రుచ్చుకొన్నప్పుడు సుళువుగా వెనుకకు వచ్చును; చిన్న చేపను నీట విడువదలచినను దాని నోరు చినుగదు. కంటివద్ద గ్రుచ్చుకొన్న గాలమును మాత్రము ఇంట తీయబూనక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ముడి వేయు విధము: దారపు కొనను గాలపు కంటిలో దూర్చి, అసలు దారముచుట్టు అయిదు చుట్లు త్రిప్పి, కంటిప్రక్క నేర్పడిన సందులోనుండి కొనను వెనుకకు దూర్చవలెను. బిగించుటకు ముందు ముడిని నీటితో తడుపవలెను. పొడిగా లాగినచో రాపిడికి నైలాను వేడెక్కి బలము కోల్పోవును.

సీసము వలదు

ఇపుడు చెప్పబోవునది మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట. గాలము మునుగుటకు దారమునకు సీసపు గుండ్లు తగిలింతురు. వానిని పిల్లలు పండ్లతో కొఱికి నొక్కుట ఊరూర మేము చూచుచున్నాము. సీసము విషము. అది ఎదుగుచున్న పిల్లల మెదడునకు చేయు కీడు తిరిగి పోవునది కాదు. ఇంతవఱకు తగిలిన హాని లేదని చెప్పదగిన కొలత యేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. ఇంగ్లండులో హంసలు ఈ గుండ్లను మ్రింగి చచ్చుచుండగా 1987లో చిన్న సీసపు గుండ్ల యమ్మకమును నిషేధించిరి. హంసలకొఱకు వారు మానినదానిని బిడ్డలకొఱకు మనము మానలేమా?

సీసమునకు బదులు చిన్న ఇనుప నట్టు, గాజుపూస, లేక దారము చుట్టి కట్టిన గులకఱాయి చాలును. నీటిపై తేలు బెండునకు ఎండిన జొన్నదంటులోని మెత్తని బెండు మిక్కిలి తగినది. ఇంటిలోని నీళ్లతొట్టియందే పరీక్షింపవచ్చును: బెండు నిలువుగా నిలిచి, కొన మాత్రము నీటిపై వ్రేలి వెడల్పున కనబడవలెను. అంతకంటె హెచ్చుగా తేలినచో చేప ఎఱను ముట్టినను మనకు తెలియదు. పూర్తిగా మునిగినచో బరువు తగ్గింపవలెను.

ఎఱ విషయమున ఖర్చు లేదు. పక్కెకును జిలేబీకిని గోధుమపిండి ముద్దగాని, రాగిసంగటి చిటికెడుగాని కందిగింజంత చాలును. జెల్లకు వానపాము ముక్క. అది అడుగున తిరుగునది గావున ఎఱను అడుగంట వదలవలెను, సాయంసమయము మేలు.

జరీపోగుల ఎఱ

చేతిపనియందు ఆసక్తిగల సోదరీమణుల కొక వేడుక. మన ధర్మవరపు పట్టుచీరల జరీ ముక్కలు, కుట్టుపనిలో మిగిలిన ఎఱ్ఱపట్టుదారము, కోడిమెడ ఈక ఒకటి యున్నచో వానితో మెఱయు ఎఱ చేయవచ్చును. గాలపు కాడను కంటినుండి వంపువఱకు పట్టుదారముతో ఒత్తుగా చుట్టుడు. వంపువద్ద ఈకపోగులు రెండు మూడు నిలిపి కట్టుడు. దానిపై జరీపోగును వెనుకకు చుట్టుకొని వచ్చి కంటివద్ద ముడివేసి, ముడిపై గోళ్లరంగు ఒక చుక్క వేసి ఆఱనిండు. అంతయు కలిసి బియ్యపుగింజను మించరాదు. దీనిని నీటిలో ఊరక వ్రేలాడదీసిన చేప కన్నెత్తి చూడదు. కఱ్ఱకొనను బెత్తెడెత్తు మెల్లగా లేపి, దిగవిడిచి, ఊపిరి రెండు మాఱులు తీయునంత సేపు కదలక నిలుపవలెను. చేప పట్టునది సాధారణముగా ఆ నిలకడలోనే.

ఈ లేపి నిలుపు విద్యకు ఆఱితేరినవారు మంచుదేశములవారు. అమెరికాలోని మిన్నెసోటా, మిషిగను రాష్ట్రములలో కాపురముండు మన తెలుగు కుటుంబములవారు శీతకాలమున చూచు వింత యిది: సరస్సులు పైన గడ్డకట్టిపోగా, జనులు ఆ గడ్డపై నడచిపోయి, దానికి రంధ్రము తొలిచి, మూరెడు కఱ్ఱతో పెర్చి, ట్రౌటు అను చేపలను పట్టుదురు. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడువద్ద మిక్కిలి బరువుగా నుండును గావున ఆ నీరు అడుగునకు దిగును, అంతకంటె చల్లనైనది పైకి తేలి గడ్డకట్టును. అడుగున చేపలు బ్రదికియే యుండును. అయితే ఆ చలికి వాని యొడలు మందగించి, ఆకలియు తగ్గును. పెద్ద ఎఱను వెంటాడు ఓపిక యుండదు. అందుచేత వారు గ్రాముకు లోబడిన మిక్కిలి చిన్న ఎఱలను వాడుదురు. అంత చిన్నది లోతునకు వేగముగ దిగుటకై సీసమునకు బదులు టంగ్‌స్టను అను లోహమును పలువురు వాడుచున్నారు. నీటికంటె సీసము 11 రెట్లు బరువైనది కాగా టంగ్‌స్టను 19 రెట్లు బరువైనది. అచ్చటి తల్లులకును మనకువలెనే ఒక గుబులు కలదు. క్రొత్తగా కట్టిన తేటగడ్డ కనీసము నాలుగంగుళముల మందము లేనిదే దానిపై అడుగుపెట్టరాదని మిన్నెసోటా ప్రభుత్వశాఖవారు చాటుచుందురు. వారికి మంచుమందము, మనకు గట్టులోతు. కొలిచి చూడనిదే కాలు పెట్టరాదనునది రెండుచోట్లను ఒక్కటియే నీతి.

గట్టుమీది కట్టుబాట్లు

మన చెఱువులలో ఎండకాలమున పూడికమట్టి త్రవ్వుకొనిపోవుదురు. ఆ గుంతలు నీరు నిండిన పిమ్మట కానరావు. మోకాటిలోతు నీటిలో రెండడుగులు వేయగనే నిలువులోతు వచ్చును. పొలములలోని నీటికుంటలకు పఱచిన నల్లని పట్టాలు నాచుపట్టి జాఱును. పడినవాడు పైకి ఎక్కలేడు. కావున గాలము పట్టు పిల్లలకు ఈ నియమములు పెట్టుడు: ఒంటరిగా పోరాదు, ఈత వచ్చిన పెద్దవారొకరు కూడ నుండవలెను, గాలము చిక్కుకొన్నచో దారము తెంపవలెనే గాని నీటిలోనికి దిగరాదు. గాలము ఒక రూపాయది, రెండు రూపాయలది. అది పోయినందుకు ఇంట తిట్టరని పిల్లవానికి ముందే గట్టిగా చెప్పుడు. తిట్లకు జడిసి నీట దిగిన పిల్లలు ఎందఱో!

తెగిన నైలాను దారమును మాత్రము గట్టున పాఱవేయరాదు, అది క్రుళ్లదు. చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ఏటేట ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చెట్లపై గూళ్లు కట్టుకొనును. ఆ గ్రామస్థులు వానిని ఇంటికి వచ్చిన చుట్టములవలె కాపాడుచున్నారు. ఆ పక్షులు మేతకు దిగునది ఈ ప్రాంతపు చెఱువులలోనికే. పిల్లవాడు విడిచిన మూరెడు దారము కొంగకాలికి ఉరి కాగలదు. దారపు ముక్కను చుట్టి జేబులో వేసికొని యింటికి తెచ్చుట నేర్పుడు.

చెఱువులోని చేపల హక్కు పెక్కుచోట్ల మత్స్యకారుల సంఘమునది. వారి నడిగి, వారి వల లేని చోట కూర్చుండుట మర్యాద. కొఱ్ఱమీను తన పిల్లల గుంపును వెన్నంటి కాచుచుండును. నీటిపై ఎఱ్ఱని చిఱుపిల్లల ముద్ద కదలుచు కనబడినచో దాని క్రింద తల్లియో తండ్రియో ఉన్నదని యెఱిగి, అచ్చట గాలము వేయకుండుడు. కావలి పోయిన పిల్లలను గంటలోనే తక్కిన చేపలు తినివేయును. వానకాలమున గ్రుడ్లతో కడుపుబ్బిన చేపలను గూడ విడుచుట మంచిది.

జెల్లకు వీపున ఒకటి, ప్రక్క ఱెక్కలకు ఒక్కొక్కటి ముండ్లుండును. అవి గ్రుచ్చుకొన్న నొప్పి మిక్కుటము. గ్రుచ్చుకొన్న చేతిని ఓర్చుకొనగల వేడినీటిలో అరగంట సేపు ఉంచినచో నొప్పి తగ్గును. నీటివేడిని ముందుగా పెద్దవారు తమ చేతితో చూడవలెను. వాపు తగ్గనిచో వైద్యునికి చూపవలెను.

ఇంటికి వచ్చిన చిన్న చేపలను తక్కువగా చూడకుడు. పక్కెలను పొట్ట తీసి, ఉప్పు పసుపులతో రుద్ది కడిగి, చింతపండు పులుసులో చిన్న మంటపై ఉడికించినచో ఎముకలు మెత్తబడి నమిలి తినుటకు వీలగును. ఎముకలతో తిను చేపలో సున్నపుధాతువు మెండు. గర్భిణులకును ఎదుగు పిల్లలకును అది మిక్కిలి యవసరము. కాని మన యిండ్లలో తలకాయ కూర తండ్రికి, నడిమిముక్క కొడుకునకు పోగా, తల్లికిని కూతురికిని పులుసునీళ్లు మిగులుట వాడుక. రాగిసంగటితో ఆ చిన్న చేపలను అందఱకు సమముగ వడ్డించుడు. గాలము పట్టి తెచ్చినది ఆడపిల్లయైనచో ఆమె పళ్లెములోనే ముందు వడ్డించుడు.

ఈ సారి చెఱువు నిండినప్పుడు, ఒక గంట తీరిక చేసికొని, మీరును గట్టునకు పొండు. బిడ్డ ప్రక్కన కూర్చుండి బెండువైపు చూచుచుండుడు. చేప పడినను పడకున్నను, ఆ గంట సేపు బిడ్డ మీ కనులయెదుట నుండును.