పైన ప్రార్థన గది, క్రింద పాత ప్రతిమలు

ఆదిమ సంఘాలు ఇండ్లలోనే కూడుకొనేవని మనమెరుగుదుము. రోమాలో అకుల, ప్రిస్కిల్లల యింట సంఘమున్నదని పౌలు పత్రికలో చదువుతాము. అట్టి ఇంటి సంఘమొకటి మట్టిలోనుండి బయటపడిన సంగతి ఈ నెల మీతో పంచుకోదలచాము.

ఇంగ్లాండులోని కెంట్ ప్రాంతంలో, డారెంట్ నది లోయలో లల్లింగ్‌స్టోన్ అనే చోటున్నది. రోమీయుల పాలనలో, క్రీ.శ. మొదటి శతాబ్దపు చివర, అక్కడ ఒక కలిగిన కుటుంబం పొలాల నడుమ ఇల్లు కట్టుకొన్నది. తరువాత స్నానపు గదులు, పెద్ద ధాన్యపు కొట్టు చేర్చారు. 18వ శతాబ్దంలో జింకల వనానికి కంచె వేస్తున్న కూలీల గునపాలు ఆ ఇంటి నేలకు తగిలినా ఎవరూ పట్టించుకోలేదు. 1939లో గాలికి కూలిన చెట్టు మొదట్లో రంగురాళ్ళు కనబడ్డాయి. 1949 నుండి 1961 వరకు మీట్స్ అనే సైనికాధికారి ఆధ్వర్యంలో త్రవ్వకాలు జరిగాయి.

నాలుగవ శతాబ్దంలో వేసిన భోజనశాల నేల చూడ ముచ్చటైనది. చిన్న చిన్న రాతి, పెంకు ముక్కలను సున్నంలో ఒక్కొక్కటిగా పొదిగి బొమ్మలు దిద్దారు. గుర్రమెక్కి వికృత మృగాన్ని పొడిచే వీరుడు, ఎద్దు మీద సముద్రం దాటే కన్య. ఇవన్నీ అన్యుల పురాణ కథలే.

అదే శతాబ్దపు రెండవ భాగంలో ఆ ఇంటిలోనే ఒక గదిని ప్రార్థనకు ప్రత్యేకించారు. గోడ మీద క్రీస్తు నామపు తొలి రెండు గ్రీకు అక్షరాలు, వాటి ప్రక్కన అల్ఫా, ఓమెగ. మరొక గోడపై చేతులు చాపి ప్రార్థిస్తున్న ఆరుగురు నిలువెత్తు మనుష్యులు. ఆ గదికి వెలుపలి నుండి వేరే ద్వారముండేదని త్రవ్వినవారు భావించారు. అంటే పొలంలో పనిచేసేవారు కూడా యజమానుల గదులు దాటకుండానే ఆరాధనకు రావచ్చును.

ఆశ్చర్యమేమంటే, సరిగ్గా ఆ గది క్రింది నేలమాళిగలో పూర్వుల పాలరాతి ప్రతిమలు రెండు, వాటి యెదుట నైవేద్యపు పాత్రలు దొరికాయి. పైన ప్రార్థన జరిగే రోజుల్లో క్రింద పాత పూజ కూడా సాగియుండవచ్చునని పండితులు తలుస్తారు. తల్లిదండ్రులు ఒక త్రోవ, పిల్లలు ఒక త్రోవ నడిచే ఇండ్లలోని వేదన ఎరిగిన మనకు ఇది వింత కాదు. అయినా ఎవరూ ఆ ప్రతిమలను పగులగొట్టలేదు, ఎవరూ ప్రార్థన గదిని మూయలేదు.

ఐదవ శతాబ్దపు ఆరంభంలో ఇల్లు కాలిపోయింది. గోడల పూత వేలాది ముక్కలై ఆ మాళిగలోనే పడింది. ఓర్పుగలవారు ముక్కకు ముక్క జతచేసి నిలబెట్టిన ఆ చిత్రాలు నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఇంటివారి పేర్లు ఏ రాతి మీదను లేవు. చాపిన వారి చేతులు మాత్రం పదహారు వందల ఏండ్ల తరువాత కూడ ప్రార్థిస్తూనే ఉన్నాయి.