ఎముకద్వారా వినికిడి: పెద్దలకు తెలియవలసిన సంగతులు



మూడు తరములుగా బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమువాడను. ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకొనుచున్నాను. వైద్యుడను కాను, నా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ఆగినది. అయినను స్వానుభవమువలన తెలిసిన ఒక సంగతిని తమ పత్రికాముఖమున పాఠకులకు విన్నవింపగోరుచున్నాను.

చిన్నతనమునుండి నా రెండు చెవులును చీము కారుచుండెడివి. ఆపరేషనుతో రోగము కుదిరినను వినికిడి తగ్గెను. చెవిలో పెట్టుకొను యంత్రమును కొంటిని. అది చెవిరంధ్రమును మూసివేయుటచే మరల చీము పట్టెను. అమ్మిన దుకాణమువారు అంతకంటె ఖరీదైన మరొకదానిని అంటగట్టిరేగాని, చీము కారు చెవికి అట్టిది తగదని చెప్పలేదు. ఆఫీసరు ఒక అంకె చెప్పగా మరొకటి వ్రాసి చీవాట్లు తిన్న దినములు గలవు. ఇంటిలో ‘చెవిటి మాలోకము’ అను బిరుదు వచ్చినది.

తుదకు ఒక వైద్యుడు శ్రుతిదండమును మ్రోగించి చెవియెదుట పట్టగా నాకు వినబడలేదు. చెవి వెనుక ఎముకకు ఆనించగా చక్కగా వినబడెను. లోపలి చెవి బాగుగనే యున్నదనియు, శబ్దము పోవు దారి మాత్రమే చెడినదనియు ఆయన చెప్పెను. అట్టివారికి చెవి వెనుక ఎముకలో చిన్న టైటానియం మరమేకును బిగించి, దానికి యంత్రమును తగిలింతురు. శబ్దము కపాలపుటెముకద్వారా లోపలి చెవికి చేరును. టైటానియం ఎముకతో అతుకుకొనునని స్వీడను దేశీయుడగు బ్రోనెమార్క్ 1950 దశకములో కనుగొనెను. ఆ దేశపు గోథెన్‌బర్గు నగరమున 1977లో దీనిని తొలిసారి వినికిడికై అమర్చిరి. అమెరికాలో 1996లో అనుమతి లభించెను.

ఫలితములను గూర్చి ఉన్నదున్నట్లు చెప్పవలెను. దారి చెడినవారికి ఇది మిక్కిలి మేలు చేయును. చెవి తెరచియుండుటచే చీముబాధయు తగ్గును. మరమేకు చాలమందిలో ఏండ్లతరబడి నిలుచును, కొద్దిమందిలో ఊడిపోవును. అది చర్మమును దాటివచ్చుచోట ఎరుపు, వాపు కలుగుట తరచు వచ్చు చిక్కు; ఎక్కువగా స్వల్పమైనవే. దినదినము శుభ్రపరచుకొనవలెను. నాకును రెండుమారులు వాచి మందుతో తగ్గినది. చర్మము క్రింద అయస్కాంతముంచు రకములును గలవు. అవి ఉన్నవారు ఎమ్.ఆర్.ఐ. పరీక్షకు ముందుగా ఆ సంగతి చెప్పి తీరవలెను. నరము చెడి రెండు చెవులును పూర్తిగా వినబడనివారికి ఇది పనికిరాదు. ఒక చెవి మాత్రమే పోయినవారికి ఆ ప్రక్క మాటలు మంచి చెవికి చేరునుగాని, శబ్దము ఏ దిక్కునుండి వచ్చెనో తెలియదు.

ఆపరేషనుకు ముందే యంత్రమును తలపట్టీకి తగిలించి వాడిచూచు పద్ధతి గలదు. నేనట్లు పెట్టుకొని మల్లేశ్వరం ఎనిమిదవ క్రాసు బజారుకు పోతిని. సొప్పు అమ్మునామె చెప్పిన ధర మారడుగకయే వినబడెను. ఆ దినముననే నా నిర్ణయమైనది. ప్రతి ఆసుపత్రియు రోగికి ఈ అవకాశమిచ్చి, లాభమును లోపమును వ్రాతమూలకముగా తెలిపిన తరువాతనే సొమ్ము అడుగుట ధర్మము.

ఖర్చు లక్షలలో నున్నది. నా గ్రాట్యుటీలో పెద్ద భాగము దానికే సరిపోయెను. గ్రాట్యుటీ లేని కూలివాడేమి చేయవలెను? కేంద్రప్రభుత్వపు ఎడిప్ పథకమున పిల్లలకు కాక్లియర్ యంత్రములను అమర్చుట శ్లాఘనీయము. ఆ పిల్లలను పోషించు పెద్దలను గూర్చియు, చెవిలో యంత్రము పెట్టుకొనజాలని వారిని గూర్చియు ప్రభుత్వమువారు ఆలోచింపవలెను.

మన ఇండ్లలో పెద్దలకు వినబడకున్న ‘వయసు మీదబడినది’ అని నవ్వి ఊరకుందుము. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960 దశకమునుండి పనిచేయుచున్నది. దుకాణమునకు పోకముందు అట్టిచోట పరీక్ష చేయించిన, చెడినది నరమో, దారియో తెలియును. నాకా సంగతి ముప్పది యేండ్లు ఆలస్యముగా తెలిసినది. మరియొకరికి అట్లు కాకూడదనియే ఈ లేఖ.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా,
మల్లేశ్వరం, బెంగుళూరు.