పొద్దుగూకాక కరెంటు

రామగుండం మీదుగా రైల్లో వెళ్లినవాళ్లకు ఎన్టీపీసీ పొగగొట్టాలు బాగా గుర్తుంటాయి. 1983లో మొదటి యూనిట్‌తో మొదలై 2600 మెగావాట్లకు పెరిగిన ప్లాంటు అది. ఇప్పుడు దాని రిజర్వాయరు మీద సోలార్ పలకలు తేలుతున్నాయి. మొత్తం 100 మెగావాట్లు. 2022 జులై నుంచి పూర్తిగా పనిచేస్తున్నాయి. అక్కడి ఎండల గురించి వేరే చెప్పాలా! పలకలు నీళ్లకు గొడుగు పట్టి ఆవిరి తగ్గిస్తాయి. ఎవరి పొలమూ తీసుకోనక్కర్లేదు.

మరి బొగ్గు పని అయిపోయినట్టేనా? లేదు. ఇదే రామగుండంలో 800 మెగావాట్ల థర్మల్ యూనిట్లు రెండు 2023, 2024లలో మొదలయ్యాయి. 1971 నాటి 62.5 మెగావాట్ల పాత స్టేషను మాత్రం 2024లో ఆగిపోయింది.

సాయంత్రం ఏడింటికి ఇంటింటా లైట్లు, టీవీలు, ఫ్యాన్లు. సరిగ్గా అప్పుడే పలకలకు సెలవు. గాలిమరలు పెడదామంటే మన ఉత్తర తెలంగాణలో ఆ గాలి లేదు, అనంతపురం, కర్నూలు గుట్టల మీద ఉంది. ఇక మిగిలింది పగటి కరెంటును దాచుకోవడం. బ్యాటరీలు ఒక దారి. శ్రీశైలం ఎడమగట్టులో చేసినట్టు నీళ్లను తిరిగి పైకి తోడి, అవసరమైనప్పుడు టర్బైన్ల మీదికి వదలడం ఇంకో దారి.

పొలం మోటార్ల సంగతి వేరు. వాటికి పగలే మేలు. ఒకప్పుడు మా మేనమామ రాత్రి కరెంటు కోసం టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరికి వెళ్తే, ఆయన తిరిగొచ్చేదాకా అత్తమ్మ పడుకునేది కాదు. పాము భయం ఒకటి, స్టార్టర్ షాకు భయం ఒకటి. ఎండతో పుట్టే కరెంటు ఎండ ఉండగానే మోటారుకు అందితే ఆ ఇంటికి అంతకంటే ఏం కావాలి?

కానీ గోదావరిఖనిలో, మందమర్రిలో అడిగి చూడండి. వాళ్ల మొదటి ప్రశ్న, ‘మా పిల్లలకు నౌకరీ?’ సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష మందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. ఆ నౌకర్లు తగ్గింది యంత్రాలతో, ఓపెన్‌కాస్టులతో. ఆ పాపం సోలార్‌ది కాదు. గనులు మూతపడ్డాక బెల్లంపల్లి బజారు ఎంత చిన్నబోయిందో ఆ ఊరివాళ్లకు తెలుసు.

సింగరేణి కూడా 200 మెగావాట్లకు పైగా సోలార్ పెట్టింది. జైపూర్‌లో తన థర్మల్ ప్లాంటు రిజర్వాయరు మీద కూడా పలకలు తేల్చింది. వాటిని కడగడానికి, చూసుకోవడానికి ఎంతమంది కావాలి? బాయిల్లో పనిచేసేంత మంది అక్కర్లేదు.