మితభాషా నిర్మాత విర్త్

ఇంట సామాను పెరిగినకొలది ఐశ్వర్యము పెరిగినదని కొందఱు తలంతురు. కావలసిన వస్తువు చేతికి దొరకనప్పుడు గాని అది భారమని తెలియదు. కంప్యూటరునకు పని చెప్పుటకై మానవుడు కల్పించిన ప్రోగ్రాము భాషలకును ఈ నీతి వర్తించును. దీనిని తన కృషిచే నిరూపించిన ఆచార్యుడు నిక్లౌస్ విర్త్.

ఆయన 1934లో స్విట్జర్లాండు దేశమున వింటర్‌థూర్ నగరమందు జన్మించెను. జూరిచ్‌లోని ఈ.టి.హెచ్. అను సాంకేతిక విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, 1963లో అమెరికాలోని బర్కిలీయందు డాక్టరు పట్టము పొందెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కొంతకాలము బోధించి స్వదేశమునకు మరలెను. 1968లో తాను చదివిన ఈ.టి.హెచ్.లోనే ఆచార్యుడై, 1999 వఱకు నచటనే పనిచేసెను.

ఆ దినములలో ఆల్గాల్ అను భాషకు క్రొత్త రూపము నిచ్చుటకు పండితుల సంఘ మొకటి పూనుకొనెను. విర్త్ సూచించిన సరళరూపమును కాదని, సంఘము మిక్కిలి జటిలమైన రూపమును గైకొనెను. విర్త్ నిరుత్సాహపడక, 1970లో పాస్కల్ అను భాషను ప్రకటించెను. పదునేడవ శతాబ్దమున గణనయంత్రమును నిర్మించిన ఫ్రెంచి పండితుని పేరే దానికి పెట్టెను.

విద్యార్థికి క్రమముగా నాలోచించుట నేర్పవలెనని ఆ భాషయొక్క ముఖ్యోద్దేశము. అందు ఏ పేరు సంఖ్యకో, ఏ పేరు అక్షరమునకో ముందుగనే ప్రకటింపవలెను. సంఖ్య యుండవలసిన చోట అక్షరము వ్రాసినచో, ప్రోగ్రాము నడువక పూర్వమే దోషము బయటపడును. అచిరకాలముననే పాస్కల్ అనేక దేశముల విద్యాలయములలో పాఠ్యభాష యయ్యెను. 1984లో విర్త్‌నకు ట్యూరింగ్ పురస్కారము లభించెను.

పరిశ్రమలలో సి మొదలగు భాషలే నిలిచినవి గనుక సరళత యోడినదని కొందఱందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. పెద్ద ప్రోగ్రామును భాగములుగా విభజించి వేర్వేఱుగ సిద్ధపఱచు సౌకర్యము తొలి పాస్కల్‌నందు లేదు. ఆ లోపమును ఆయనయే మాడ్యులా-2 అను భాషలో సవరించెను. అటుపిమ్మట ఓబెరాన్ అను భాషలో అనవసరమని తోచిన యంశములను తొలగించెను. ఇతరుల భాషలు నానాటికి పెరుగుచుండ, ఆయన భాష చిక్కుచు వచ్చెను. యంత్రముల వేగము హెచ్చుటకంటె త్వరగా ప్రోగ్రాములు మందగించుచున్నవని 1995లో ఆయన హెచ్చరించెను.

2024 జనవరి 1వ తేదీన విర్త్ పరమపదించెను. భాషను వాడువారి సంఖ్య మాత్రమే దాని విలువకు కొలత కాదు. అది నేర్పిన ఆలోచనాక్రమము, విద్యార్థి వేఱొక భాషను చేపట్టినను వెంటవచ్చును. చేర్చుటకు ఉత్సాహము చాలును. తీసివేయుటకు వివేకము కావలెను. ఆ వివేకమును అలవఱచినవాడే ఉత్తమ గురువు.