జ్వరానికి ఒప్పుకున్నవాడి ఊరు

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో వారమైనా జ్వరం తగ్గకపోతే ముందు రాసేది విడాల్ పరీక్షే. టైఫాయిడ్ ఇక్కడ అంత మామూలు. ఆ జబ్బుకు హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీ టీకా జబ్బును ఎంతవరకు ఆపుతుందో మొదట తేలింది మాత్రం ఆక్స్‌ఫర్డ్‌లో. ఆ ప్రయోగంలో 112 మంది ఆరోగ్యవంతులు చేరారు. టీకాలు వేయించుకున్న నెల తర్వాత వాళ్లలో ఎక్కువమంది తెలిసే టైఫాయిడ్ క్రిములు కలిపిన ద్రావణం తాగారు. పోలిక కోసం వేరే జబ్బు టీకా వేసినవారిలో 77 శాతం మందికి, ఈ టీకా వేసినవారిలో 35 శాతం మందికి జబ్బు చేసింది. 2017లో ఫలితాలు వచ్చాయి. ఆ ఏడాది చివరికే టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దక్కింది.

ఇలాంటి ప్రయోగాలపై ఐసీఎంఆర్ 2023లో విధాన ప్రకటన తెచ్చింది. నేను వాటికి వ్యతిరేకిని కాను. చిన్నప్పటి నుంచీ ఈ క్రిములతో బతికిన ఒంట్లో టీకా ఎలా పనిచేస్తుందో విదేశీయుల మీద చూసి చెప్పలేం. అయితే ఆక్స్‌ఫర్డ్ వలంటీర్లు తమ ఇళ్లలోనే ఉండి పరీక్షలకు వచ్చి వెళ్లారు. అక్కడి మురుగు శుద్ధి కేంద్రానికి పోతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ నీళ్లే తాగునీటి చెరువులు నింపుతాయి. టైఫాయిడ్ క్రిమి మలంతో బయటికొస్తుంది, కొందరిలో పిత్తాశయంలో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. ప్రయోగానికి ఒప్పుకుని సంతకం పెట్టింది ఒకడైతే, ఆ క్రిమి కాలువలో కలిస్తే తాగాల్సిన దిగువ ఊళ్లవాళ్లను అడిగిందెవరు?

ఆ సంతకాల సంగతీ మనకు తెలుసు. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ సంస్థ చేపట్టిన హెచ్‌పీవీ టీకా కార్యక్రమంలో హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లే సంతకాలు పెట్టారు. టీకా వేసినవారిలో కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పినా, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ అనుమతుల తీరును గట్టిగా తప్పుపట్టింది. 2011లో అప్పటి మన గుంటూరు జిల్లాలోనే ఉన్న పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను డబ్బు ఆశచూపి మందుల ప్రయోగాలకు హైదరాబాద్ తీసుకెళ్లారు. అవసరంలో ఉన్నవాళ్లు వద్దనగలరా?

అందుకే ఇక్కడ ఈ ప్రయోగం జరిగితే మలపరీక్షల్లో క్రిమి లేదని తేలేదాకా వలంటీరును ఆస్పత్రిలోనే ఉంచాలి, మధ్యలో మానుకున్నా ఆ రోజుల కూలి పూర్తిగా ఇవ్వాలి, ప్రయోగాన్ని పరిశీలించే నైతిక సంఘంలో కాలువ చివరి ఊరివాళ్లకూ చోటుండాలి.