గర్భసంచి జారితే కోతే శరణ్యమా?

మన స్త్రీలు మోకాళ్ల నొప్పుల గురించి పెరటి గోడ మీదుగా ఇరుగుపొరుగుతో చెప్పుకొంటారు. తలనొప్పి గురించి పదిమందిలో మాట్లాడుకొంటారు. గర్భసంచి కిందికి జారిన సంగతిని మాత్రం కట్టుకొన్న భర్తకు సైతం చెప్పరు. కూర్చుంటే ఏదో బంతి మీద కూర్చున్నట్లుండటం, సాయంత్రమయ్యేసరికి పొత్తికడుపు కిందికి లాగినట్లుండటం, తుమ్మినా దగ్గినా మూత్రం చుక్కలుగా జారటం - వీటన్నింటినీ ఏళ్ల తరబడి ఓర్చుకొంటారు. ఇక ఓర్వలేని నాడు ఆసుపత్రికి వెళ్లి, గర్భసంచి తీయించుకొని వస్తారు. ఈ ఓర్పుకూ ఆ కోతకూ నడుమ మరొక మార్గమున్నదని వారికి చెప్పేవారు అరుదు. ఆ మార్గమే వ్యాయామ చికిత్స, నేటి వాడుకలో ఫిజియోథెరపీ.

గర్భసంచి తొలగింపులో మన రాష్ట్రానిది ఆందోళన కలిగించే స్థానం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. వీరందరికీ గర్భసంచి జారినందువల్లనే శస్త్రచికిత్స జరిగిందని కాదు. అధిక రక్తస్రావం, తెల్లబట్ట, క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం - ఇలా కారణాలు అనేకం. "పిల్లలు పుట్టారు కదా, ఇక ఆ సంచితో పనేమిటి?" అన్న మాట మాత్రం అన్ని ఇళ్లలోనూ ఒకటే. అనవసరపు గర్భసంచి తొలగింపులను అరికట్టడానికి కేంద్ర ఆరోగ్యశాఖ రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయవలసిందని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. విషయం అంతదాకా పోయిందంటే, గృహిణులు మేలుకొనవలసిన సమయం వచ్చినట్లే.

అసలు గర్భసంచి ఎందుకు జారుతుంది? నడుము కింది ఎముకల నడుమ, ముందు నుండి వెనుకకు ఉయ్యాల గుడ్డ వలె పరచుకొన్న కండరాలున్నాయి. మూత్రాశయం, గర్భాశయం, మలాశయం మూడింటినీ కింది నుండి మోసేవి ఇవే. పై నుండి కొన్ని బంధనాలు పట్టి ఉంచుతాయి. ప్రసవ సమయంలో ఈ కండరాలు ఎంతగానో సాగుతాయి, ఒక్కొక్కసారి చిరుగుతాయి. అవి తిరిగి బిగువు పొందకముందే బరువులెత్తితే, దీర్ఘకాలం దగ్గు వేధిస్తే, మలబద్ధకంతో రోజూ ముక్కితే, ముట్లుడిగిన తరువాత దేహబలం తగ్గితే, ఉయ్యాల గుడ్డ వదులై పైనున్న అవయవం కిందికి దిగుతుంది. తెనాలి నుండి రేపల్లె వరకు రైలు మార్గానికి ఇరువైపులా వరినాట్లు వేసే స్త్రీలకు, నిజాంపట్నంలో చేపల గంపలు మోసే స్త్రీలకు బాలింతతనపు విశ్రాంతి ఎన్ని రోజులు దక్కుతుందో మనకు తెలియనిది కాదు. పట్టణాలలోని మన ఇళ్ల సంగతి మాత్రం ఏమంత మెరుగు? నీళ్ల బిందెలు, బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు జరిపేది కోడలే, ఆమె కాకపోతే పనిమనిషి.

మన పూర్వులు ఈ వ్యాధిని ఎరుగనివారు కారు. చరక, సుశ్రుతులిరువురూ ఇరవై విధాల యోనివ్యాపత్తులను చెప్పారు. వాటిలో మహాయోని, ప్రస్రంసిని అన్నవి నేటి గర్భాశయభ్రంశానికి దగ్గరి లక్షణాలు కలవి. స్థానం తప్పిన అవయవానికి తైలం పట్టించి, స్వేదనం చేసి, తిరిగి యథాస్థానంలో నిలిపి కట్టు కట్టవలెనని చరకుడు చికిత్సాస్థానంలో ఆదేశించాడు. బాలింతకు అభ్యంగనం చేసి పొట్టకు వస్త్రం చుట్టమన్నారు. సహజ వేగాలను ఆపవద్దనీ, రాని వేగాలను బలవంతంగా తెచ్చుకొనవద్దనీ హెచ్చరించారు. హఠయోగులు మూలబంధమనీ, అశ్వినీముద్ర అనీ చెప్పిన అభ్యాసాలలో ఈ ప్రాంతపు కండరాలను బిగించటమే ప్రధానం.

అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీవైద్యుడు 1948లో ఈ కండరాలకు క్రమబద్ధమైన వ్యాయామాన్ని ప్రతిపాదించాడు. 2014లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ప్రచురితమైన ఒక పరిశోధనలో బ్రిటన్, న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకు చెందిన 447 మంది స్త్రీలు పాల్గొన్నారు. వారిలో సగం మందికి వ్యాయామ చికిత్సకులు ఒక్కొక్కరికీ విడివిడిగా అభ్యాసం నేర్పారు. ఏడాది తరువాత చూడగా, నేర్చుకొన్నవారి బాధలు మిగిలినవారి కంటే తగ్గినట్లు తేలింది. ప్రాచీనమా, నవీనమా అన్న తగవు ఇక్కడ అనవసరం. సడలిన కండకు బలం రావాలంటే ఆ కండ పని చేయవలసిందే. గురుకులంలో చదువుకొన్న వైద్యుడనై కూడ ఈ మాట చెప్పటానికి నేను సంకోచించను. తైలం కండను మృదువు పరచవచ్చు, కషాయం జఠరాగ్నిని సరిచేయవచ్చు. కండ చేయవలసిన పనిని సీసాలోని మందు చేయజాలదు.

అభ్యాసం ఇట్లా ఉంటుంది. మూత్రవిసర్జన చేసి వచ్చి, మోకాళ్లు మడచి వెల్లకిలా పడుకోవాలి. అపానవాయువునూ మూత్రాన్నీ ఒకేసారి ఆపుతున్నట్లు లోపలికి, పైకి బిగించాలి. మొదట మూడు అంకెలు లెక్కించేంత సేపు నిలిపి, అంతే సేపు పూర్తిగా వదలాలి. రోజులు గడిచేకొద్దీ పది అంకెల వరకు పెంచవచ్చు. ఒక్కొక్క పూట పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. ఊపిరి బిగపట్టరాదు, పొట్ట, తొడలు, పిరుదులు బిగించరాదు. పడుకొని అలవాటయిన పిమ్మట కూర్చుని, తరువాత నిలబడి చేయాలి. దగ్గు, తుమ్ము వచ్చే ముందు, బరువు ఎత్తే ముందు ఒక్కసారి బిగించటం అలవరచుకోవాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపటాన్ని అభ్యాసంగా పెట్టుకోరాదు. ఫలితం పది రోజులలో కనబడదు; మూడు నాలుగు నెలలు విడువక చేయాలి. పైకి బిగించటానికి బదులు తెలియక కిందికి ముక్కేవారు ఎందరో ఉంటారు. అట్లా చేస్తే మేలుకు బదులు కీడు. అందుచేత చదివి మాత్రమే కాక, తెలిసిన స్త్రీ ఫిజియోథెరపిస్టు వద్ద ఒకసారి సరిచూపించుకొనటం ఉత్తమం.

దీనికి తోడు మలబద్ధకాన్ని దూరం చేసుకోవాలి. ఆకుకూరలు, పండ్లు, తగినంత నీరు ముఖ్యం. రాత్రి పడుకొనబోయే ముందు గోరువెచ్చని నీటితో ఒక చెంచా త్రిఫలా చూర్ణం చాలామందికి సరిపడుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని అడగనిదే వాడరాదు. విడువని దగ్గుకు చికిత్స చేయించుకోవాలి. బాలింతకు చుట్టే గుడ్డ ఆసరాగా ఉండాలే తప్ప ఊపిరాడనంత బిగుతుగా ఉండరాదు. ఆ ఒత్తిడి కిందికే పోతుంది. ప్రసవించిన స్త్రీకి కనీసం ఆరు వారాలు బరువు పనులు తప్పించటం అత్తవారి ధర్మం, పుట్టింటివారి బాధ్యత.

వ్యాయామానికీ హద్దులున్నాయి. అవయవం యోనిద్వారం దాటి పూర్తిగా బయటకు వచ్చినప్పుడు అభ్యాసం ఒక్కటే చాలదు. అప్పుడు స్త్రీవైద్యురాలు లోపల అమర్చే రింగు గాని, శస్త్రచికిత్స గాని అవసరం కావచ్చు. మూత్రం బంద్ అయినా, జారిన భాగం లోపలికి పోకున్నా, ముట్లుడిగిన తరువాత రక్తం కనబడినా ఇంటి వైద్యం చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. సడలిన ఆధారాన్ని బిగించకుండా సంచిని మాత్రమే తీసివేస్తే, మిగిలిన భాగం తరువాత కిందికి జారే అవకాశం ఉంటుంది. అందుకే కోతకు ఒప్పుకొనే ముందు "రింగు సరిపోదా? వ్యాయామంతో కొంతకాలం చూడవచ్చునా? ఆధారాన్ని కూడ సరిచేస్తారా? అండాశయాలు ఉంచుతారా?" అని అడగటం ప్రతి స్త్రీ హక్కు. ఆమె వెంట వెళ్లిన భర్త అడిగితే మరీ మంచిది.

నేడు మన పట్టణాలలో ఫిజియోథెరపీ అంటే పక్షవాతానికి, మెడనొప్పికి, విరిగిన ఎముకలకు మాత్రమేనన్న అభిప్రాయం పాతుకొన్నది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవానంతరం స్త్రీలకు ఈ అభ్యాసం నేర్పటానికి వారానికి ఒక్క పూటయినా ఒక మహిళా ఫిజియోథెరపిస్టును కేటాయించాలి. అందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు; ఒక గది, ఒక తెర, ఒక చాప చాలు. బిడ్డకు టీకా వేయించటానికి వచ్చిన తల్లికి ఆ పూటే నేర్పవచ్చు. నా తోటి ఆయుర్వేద వైద్యులకు కూడ ఒక మనవి. ఈ బాధతో వచ్చిన స్త్రీకి లేహ్యమిచ్చి పంపివేయక, వ్యాయామం నేర్పేవారి వద్దకు పంపండి. మన గౌరవానికి అందువల్ల లోటు రాదు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. తొలి కాన్పు నాడే నేర్పిన అలవాటు, అరవై ఏళ్ల నాడు అక్కరకు వస్తుంది. ఇంట్లో పెద్దవారయిన అత్తగార్లు, అమ్మలు సిగ్గు విడిచి ఈ ఒక్క మాట ఆడపిల్లలకు చెప్పగలిగితే, అనేక కుటుంబాలలో ఒక కోత తప్పుతుంది.