శ్రీకాకుళం మత్స్యకారులకు వెరావల్‌లోనే ఓటు: వినతిపత్రం

గౌరవనీయులైన భారత ప్రధాన ఎన్నికల కమిషనర్ గారికి,
ఆంధ్రప్రదేశ్ ముఖ్య ఎన్నికల అధికారి గారి ద్వారా.

విషయం: చేపల వేటకు గుజరాత్ వలస వెళ్లిన మత్స్యకారులకు అక్కడే ఓటు వేసే ఏర్పాటు చేయవలసిందిగా విన్నపం.

అయ్యా,

మేము శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల, రణస్థలం, గార మండలాల తీర గ్రామాల మత్స్యకార కుటుంబాలవాళ్లం. మా మగవాళ్లు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్లలో కళాసీలుగా పనిచేస్తారు. పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్‌లో గానీ మొదలుకాదు. మన దగ్గర పోలింగ్ 2014లో మే 7న, 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న జరిగింది. మూడుసార్లూ అక్కడ వేట సాగుతున్న రోజులే.

ఓటు కోసం ఇంటికి రావాలంటే రానూపోనూ రైల్లోనే దాదాపు నాలుగు రోజులు. సీజను మధ్యలో బోటు దిగితే కూలి పోతుంది, తీసుకున్న అడ్వాన్సుకు జవాబు చెప్పుకోవాలి. ఇక్కడ చాలినన్ని హార్బర్లు, జెట్టీలు లేకనే వలస పోతున్నాం. వలస పోయినందుకే వాటిని అడిగే ఓటూ పోగొట్టుకుంటున్నాం.

2020 లాక్‌డౌన్‌లో వెరావల్‌లో చిక్కుకున్న మావాళ్లను ప్రభుత్వం బస్సుల్లో ఇళ్లకు చేర్చింది. ఆపదలో మావాళ్లు ఎక్కడున్నారో కనుక్కోగలిగినప్పుడు పోలింగ్ రోజునా కనుక్కోవచ్చు.

మా డిమాండ్లు:

1. ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల ఓటర్లు ఓటు వేయగల రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని కమిషన్ 2023 జనవరిలో పార్టీల ముందుకు తెచ్చింది. దాని తొలి ప్రయోగాత్మక పోలింగ్ వెరావల్‌లో జరపాలి.

2. అందాకా మావాళ్లను పోస్టల్ బ్యాలెట్ అర్హుల్లో చేర్చాలి. సైనికులకు బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపుతున్నారు. కశ్మీరీ వలస ఓటర్లకు జమ్మూ, ఢిల్లీలలో ప్రత్యేక పోలింగ్ కేంద్రాలున్నాయి. దారి కొత్తది కాదు.

3. తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. తలుపు తట్టినప్పుడు మనిషి లేడని పేరు కొట్టేయకూడదు. కుటుంబానికి నోటీసిచ్చి, ఆ ఓటరుతో ఫోన్‌లో మాట్లాడాకే నిర్ణయించాలి.

4. వెరావల్ కేంద్రంలో తెలుగు వచ్చిన సిబ్బంది, అన్ని పార్టీల ఏజెంట్లు, వీవీప్యాట్ స్లిప్పు ఉండాలి. అక్కడ పడిన ఓట్లను సొంత నియోజకవర్గం ఓట్లతో కలిపే లెక్కించాలి. కళాసీలు ఎవరికి వేశారో బోటు యజమానికి గానీ, ఊరి పెద్దలకు గానీ తెలియకూడదు.

5. పోలింగ్ వేళలు, తేదీలు బోట్లు ఒడ్డుకొచ్చే రోజుల్ని బట్టి ఉండాలి. ఇందుకు ఒక్కరోజు చాలదు, కనీసం వారం గడువివ్వాలి.

మేము అడుగుతున్నది కొత్త హక్కు కాదు. ఉన్న ఓటును మావాళ్లు పనిచేసే రేవుకు చేర్చమంటున్నాం. వచ్చే ఎన్నికలకు ముందే నిర్ణయం ప్రకటించాలని ప్రార్థన.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా తీర గ్రామాల మత్స్యకారులు, కుటుంబ సభ్యులు